మా అబ్బా కొయ్య ఓడ

మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కిటికీ పక్కనున్న అద్దాల బీరువా మీద ఒక కొయ్య ఓడ ఉన్నది. రెండున్నర అడుగుల పొడవు, టేకు చెక్క. విద్యార్థులు చాలామంది దానిని చూసే ఉంటారు. ఎవరో ఎప్పుడో ఇచ్చిన బహుమతి వస్తువనుకొని ఊరుకొని ఉంటారు. ఉద్యోగ విరమణ చేసిన రోజున దానిని అక్కడ పెట్టి వెళ్లినవాణ్ణి నేనే. ఈ మధ్య ఒక పని మీద వచ్చి ప్రయోగశాలలోకి తొంగిచూస్తే, మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె అడిగింది: “సార్, దీనికి కుడి పక్క తాళ్లన్నీ ఉన్నాయి, ఎడమ పక్క ఒక్కటీ లేదు. తెగిపోయాయా? అయినా ప్రయోగశాలలో బొమ్మ ఓడ దేనికండీ?”

అక్కడికక్కడే సమాధానం చెప్పలేకపోయాను. సంపాదకులు ఏదైనా వ్రాసి ఇమ్మని కోరినారు గనుక ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

మా నాన్నగారిని ఇంట్లో అబ్బా అని పిలిచేవాళ్లం. ఆయన విశాఖపట్నం నౌకా నిర్మాణ కేంద్రంలో వడ్రంగి. పని చేసింది మౌల్డ్ లాఫ్ట్ అనే విభాగంలో. కాగితం మీద అంగుళాల్లో ఉన్న ఓడ గీతలను విశాలమైన చెక్క నేల మీద అసలు కొలతకే గీసి, వాటిని అనుసరించి చెక్క అచ్చులు తయారుచేసే చోటది. ఆ అచ్చులను బట్టి ఉక్కు రేకులు కోసేవారు. ఆ నేల మీద మోకాళ్లతో పాకి పాకి ఆయన మోకాళ్లు కాయలు కాచినాయి. 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీటిలోకి ప్రవేశపెట్టిన రోజున పనివారి గుంపులో ఆయన కూడా ఉన్నారు. ఆ మాట జీవితంలో ఎన్నిసార్లు చెప్పినారో లెక్క లేదు. చెప్పి చెప్పి తృప్తి తీరక కాబోలు, ఒకనాడు ఒక టేకు దిమ్మె తెచ్చి ఆ ఓడనే చెక్కడం మొదలుపెట్టినారు. ఆదివారాలు తప్ప తీరిక ఉండేది కాదు. ఉలి, చిత్రిక, ఉప్పు కాగితం, చిన్న బరమా, ఇంతే సరంజామా.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఓడకు స్తంభాలు నిలబెట్టి ఇంకా తాళ్లు కట్టని రోజుల్లో, ఆయన డ్యూటీలో ఉండగా దానిని దొంగతనంగా తీసుకుపోయి పెరటి సిమెంటు తొట్టిలో వదిలాను. వదిలీ వదలగానే ఓడ పక్కకు ఒరిగి, స్తంభాలు నీళ్లలో ముంచి, వెల్లకిలా పడింది. అమ్మీ చూసి కేకలు వేసింది. సాయంత్రం అబ్బా తడి ఓడను గుడ్డతో తుడుస్తూ అన్న మాట ఇది: “అసలు ఓడకు ఇంజను, సరుకు అంతా కడుపులో అడుగున ఉంటుంది బేటా. దీని కడుపులో ఏముంది? పైనా కిందా ఒకటే చెక్క. పైన మళ్లీ స్తంభాల బరువు. ఇది నీళ్ల కోసం చేసింది కాదు, కళ్ల కోసం చేసింది.” అడుగున సీసం బద్ద బిగిద్దామని నేను ఏడిచాను. ఆయన ఒప్పుకోలేదు. మరునాటి ఆదివారం బూరుగు చెక్కతో పడవ వంటిదేదో చెక్కి, అడుగున ఇనుప ముక్క దిగగొట్టి ఇచ్చినారు. దానికి స్తంభం లేదు, గది లేదు, రంగు లేదు. చూస్తే పశువుల కుడితి తొట్టిలా ఉండేది. కాని ఎంత వంచినా లేచి నిలబడేది. ఒకటి ఓడలా ఉంటుంది, తేలదు. ఇంకొకటి తేలుతుంది, ఓడలా ఉండదు. నమూనా నౌకలను గురించి ఆ తరువాత నేను చదివినదంతా ఆ రెంటి మధ్యనే నడిచిందనక తప్పదు.

అసలు ఓడలు కూడా పెరటి తొట్టిలోని పని చేసిన సందర్భాలు లేకపోలేదు. 1628లో స్వీడన్ రాజు కట్టించిన ‘వాసా’ అనే యుద్ధనౌక స్టాక్‌హోమ్ రేవులో మొట్టమొదటి ప్రయాణంలోనే, తీరం కనుచూపు మేరలో ఉండగానే ఒరిగి మునిగింది. అంతకుముందే 30 మంది మనుషులను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెత్తించి పరీక్షిస్తే, ఓడ ప్రమాదకరంగా ఊగేసరికి పరీక్ష ఆపివేసినారు. ప్రయాణం మాత్రం ఆపలేదు.

చరిత్రకు వస్తే, ఈ విద్య ఈజిప్టులో ఎంత పాతదో చూడండి. 1920లో థీబ్స్ దగ్గర మెకెత్రే అనే రాజోద్యోగి సమాధిలో ఒక చిన్న గది బయటపడింది. నాలుగు వేల ఏళ్ల కిందట మూసిన గది. అందులో 24 కొయ్య నమూనాలు. వాటిలో సగం పడవలే. నైలు నది ఉత్తరానికి పారుతుంది, గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. అందుకని దక్షిణానికి పోయే పడవలకు తెరచాప ఎత్తి ఉంటుంది, ఉత్తరానికి పోయే వాటికి స్తంభం దించి తెడ్లు వేస్తూ ఉంటారు. వెంట ఒక వంట పడవ, అందులో రొట్టెలు కాల్చేవారు. యజమాని పందిరి కింద తామరపువ్వు వాసన చూస్తూ కూర్చుని ఉన్నాడు. చనిపోయినవాడి ప్రయాణానికి ఏమి కావాలో అవన్నీ ఉన్నాయి. పడవ అడుగు ఎలా కట్టారన్నది మాత్రం ఈ నమూనాలు చెప్పవు. లోపల గుల్ల లేని చెక్క దిమ్మెలవి, మా అబ్బా ఓడ వలెనే.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది 17వ శతాబ్దపు ఇంగ్లండులో కనిపిస్తుంది. అక్కడి నౌకాదళ వ్యవహారాలు చూసే బోర్డు పేరు మీదుగా పిలవబడే నమూనాలలో, నిజమైన ఓడలో నాలుగు అడుగులు ఉన్నది ఇక్కడ ఒక అంగుళం. అడుగు భాగానికి పలకలు తాపకుండా పక్కటెముకలు కనబడేటట్లు వదిలివేసేవారు. పైన శిల్పాలకూ బంగారు పూతకూ లోటు లేదు. కింద ఎముకల గూడు. గ్రీనిచ్ మ్యూజియంలోనూ అమెరికాలో అన్నాపోలిస్ నౌకాదళ విద్యాలయంలోనూ వాటిని భద్రపరిచినారు. పనివాడికి పనికివచ్చినది మాత్రం ఇంత అందమైనది కాదు. 19వ శతాబ్దపు ఓడ వడ్రంగి పలకలను పేర్చి మేకులతో బిగించి సగం ఓడను మాత్రమే చెక్కేవాడు. రెండు పక్కలూ ఒకటే గనుక రెండవ సగం దండగ. చేత్తో తడిమి, కంటితో చూసి, వంపు కుదిరిందనుకున్నాక మేకులు తీసి, పలక పలకనూ కొలిచి, ఆ కొలతలను పెంచి నేల మీద గీసేవాడు. ఆ నేలే మా అబ్బా మోకాళ్లు అరగదీసుకున్న నేలకు తాత.

సీసాలో ఓడ అందరికీ తెలిసినదే: స్తంభాలను పడుకోబెట్టి మెడలోంచి దూర్చి, లోపలికి పోయాక దారం లాగి లేపుతారు. అది నేర్పు, అంతకంటె చెప్పుకోవలసినది లేదు. నన్ను కదిలించినవి ఖైదీల ఓడలు. నెపోలియన్ యుద్ధాలలో పట్టుబడిన వేలాది ఫ్రెంచివారిని ఇంగ్లండులో పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట 1797 నుంచి 1814 వరకు నిర్బంధించినారు. వారు తమ రేషను మాంసంలోని ఎముకలను ఉడికించి తెల్లబరచి, సన్నని పలకలుగా కోసి ఓడలు కట్టినారు. కొన్నింటిలో కింది నుంచి దారం లాగితే ఫిరంగులన్నీ ఒక్కసారి లోపలికి పోయే ఏర్పాటు కూడా ఉన్నది. జైలు గేటు దగ్గర సంతలో చుట్టుపక్కల ఊళ్లవారికి అమ్ముకునేవారు. నిపుణులు వీటిని కొలిచి చూసి పెదవి విరుస్తారు: స్తంభాలు మరీ పొడవు, నిష్పత్తి కుదరలేదు. ఖైదీ దగ్గర నక్షా ఎక్కడిది? జ్ఞాపకం ఒక్కటే ఉన్నది. ఈ స్తంభాల ప్రస్తావన మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక ప్రయోగశాల మాట. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1867లో డార్ట్ నదిలో రెండు రకాల నమూనాలను లాగి చూసినాడు. ముక్కు వాడిగా ఉన్న దానికి కాకి అనీ, గుండ్రంగా ఉన్న దానికి హంస అనీ పేర్లు. మూడడుగులు, ఆరడుగులు, పన్నెండడుగులు – మూడేసి పరిమాణాలలో చేసినాడు. వాడి ముక్కుదే ఎప్పుడూ గెలుపని అందరి నమ్మకం. వేగం పెరిగిన కొద్దీ హంస గెలిచింది! చిన్న ఓడను ఎంత వేగంతో లాగితే పెద్ద ఓడ లేపే అలల వంటి అలలే లేస్తాయన్నది ఆయన పట్టుకున్న కీలకం. వేగం పొడవు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 25వ వంతు నమూనాను 5వ వంతు వేగంతో లాగాలి; 15 నాట్ల ఓడకు 3 నాట్లు. అప్పుడు అలల వలన కలిగే నిరోధాన్ని 25 యొక్క ఘనంతో, అంటే 15,625తో హెచ్చిస్తే అసలు ఓడ లెక్క వస్తుంది.

చిక్కు ఏమిటంటే, నీటి రాపిడి ఈ సూత్రానికి లొంగదు. కొలతలన్నీ తు.చ. తప్పకుండా కుదిరిన నమూనా కూడా రాపిడి విషయంలో అబద్ధమే చెబుతుంది. అందుకని ఫ్రూడ్ బల్లపరుపు చెక్కలను నీటిలో లాగి రాపిడిని వేరుగా కొలిచి, దానిని తీసివేసి, మిగిలినదాన్ని పెంచి, పెద్ద ఓడ రాపిడిని మళ్లీ కలిపినాడు. నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఒకరిద్దరి కళ్లు మెరిసేవి. తక్కినవారు గంట కోసం చూసేవారు.

ఆ కాలపు మహా నౌకానిర్మాత స్కాట్ రస్సెల్ దీనినంతా ముచ్చటైన చిన్న వినోదమనీ, పెద్ద ఓడలకు పనికిరాదనీ 1870లో సభలో కొట్టివేసినాడు. ఫ్రూడ్ వాదించలేదు. ప్రభుత్వ సహాయంతో టార్కీలో తన ఇంటి పక్కనే 278 అడుగుల తొట్టి కట్టించి, 1872 నుంచి పారఫిన్ మైనంతో పోతపోసిన ఓడలను లాగడం ప్రారంభించినాడు. మైనమైతే చెక్కడం తేలిక, పని అయ్యాక కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. ‘గ్రేహౌండ్’ అనే నిజమైన యుద్ధనౌకను ఇంకో నౌకతో లాగించి కొలిస్తే, నమూనా చెప్పిన లెక్కతో సరిపోయింది. ఆ మైనపు ఓడలకు స్తంభాలు లేవు, గదులు లేవు. నా బూరుగు పడవకు అన్నదమ్ములు. నేడు కంప్యూటర్లు నీటి ప్రవాహాన్ని ఎంత లెక్కకట్టినా ఈ పద్ధతి పోలేదు. విశాఖపట్నంలోనే నౌకాదళానికి చెందిన పరిశోధనాలయంలో 500 మీటర్ల పొడవైన తొట్టి ఉన్నది.

ఆ అమ్మాయి అడిగిన రెండవ ప్రశ్నకు ఇది సమాధానం. మొదటిది మిగిలింది.

నేను బి.ఎస్సి. చదివే రోజుల్లో, సెలవులకు ఇంటికి వస్తే, అబ్బా కుడి పక్క తాళ్లు ముగించి ఎడమ పక్క మొదలుపెట్టబోతున్నారు. మైనం రుద్దిన నూలు దారం, కళ్లద్దాలు ముక్కు చివరికి. నాకు కొత్తగా వచ్చిన చదువు ఊరుకోనిస్తుందా? ఒక పుస్తకంలోని ఛాయాచిత్రం పక్కన పెట్టి, స్కేలుతో ఓడను కొలిచి అన్నాను: “అబ్బా, మీ స్తంభాలు నిష్పత్తికి అంగుళమున్నర ఎక్కువ. శాస్త్రరీత్యా ఇది నమూనా కాదు, బొమ్మ.” ఆయన స్తంభాల వైపు చూసినారు. నా స్కేలు వైపు చూసినారు. “అట్లాగా బేటా” అని దారం ఉండను చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టినారు. కోపం తెచ్చుకొని ఉంటే నాకు మేలు జరిగేది. ఓడ అలమరా మీదికి ఎక్కింది. ఆయన ఆ తరువాత ఇంకా ఇరవై ఏళ్లకు పైగా బ్రతికినారు. డబ్బా మూత తీయలేదు. జల ఉష కథ కూడా నా ఎదుట మళ్లీ చెప్పలేదు. మా ఆపా పిల్లలకు చెప్పేవారట.

ఆయన పోయిన తరువాత ఆ స్తంభాలకొక కారణం వెదికాను. ఓడ జారే రోజున ఆయన కింద నిలబడి తలెత్తి చూసినారు గదా, కింది నుంచి చూసినవాడికి స్తంభాలు పొడవుగా తోచి ఉంటాయని ఒక వాదం అల్లుకున్నాను. కాగితం మీద గీసి చూస్తే అది నిలవలేదు. దగ్గరగా కింద నిలబడినవాడికి ఓడ దేహమే అడ్డం. స్తంభాలు పొట్టిగానే కనిపిస్తాయి. నేనెరిగిన శాస్త్రం నన్ను ఆదుకోలేదు. ఖైదీల ఎముకల ఓడల గురించి చదివాక ఇంకో వాదం దొరికింది గాని, దానిని కూడా నమ్మను. మా అబ్బా ఖైదీ కాదు. అసలు కొలతలు ఆయన మోకాళ్లకే తెలుసు. నక్షా కావాలంటే అడిగితే దొరికేది. స్తంభాలు అంత పొడవుంటే ఆయనకు బాగున్నాయి, అంతే. నేను అడగవలసినది అడగలేదు, కొలిచాను.

కనుక అమ్మాయీ, తాళ్లు తెగిపోలేదు, కట్టలేదు. కుడి పక్క లెక్కపెట్టాను, 17 ఉన్నాయి. ముడులు చాలా సన్నవి, నా వేళ్లు ఇప్పుడు వణుకుతున్నాయి. బిస్కెట్ల డబ్బా మా ఇంట్లోనే ఉన్నది. మొన్న మూత తీసి దారం లాగితే పై వరుసలు పుటుక్కున తెగినాయి. లోపలి వరుసలు ఇంకా పరీక్షించి చూడవలసి ఉన్నది.