ఏ నెలో చెప్పండి

రాజంపేటలో కబుర్లకు కూర్చుంటే కువైట్ ఊసు రాకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి! "ఎప్పుడొస్తాండావు నాయనా?" అని తల్లి ఫోన్లో అడుగుతుంది. పెళ్లాంబిడ్డలతో అక్కడే ఉన్న కొడుకు "ఎండాకాలం సెలవులకి" అంటాడు. ఇక్కడ బళ్లకు ఆ సెలవులు ఏప్రిల్ ఆఖర్లో మొదలై జూన్‌లో అయిపోతాయి. అక్కడ బళ్లు మూసేదే జూన్‌లో. ఆమె మే నెలంతా కోడూరు మామిడికాయలు గడ్డిలో మాగేసి, మెత్తబడినవి పక్కింటివాళ్లకు పంచి, మళ్లీ కొత్తవి పరుస్తుంది. వాళ్లు దిగేది జూలైలో. "జూలై" అని ఒక్క మాట అనుంటే ఆ తల్లికి ఎంత నెమ్మది!

అంత దూరం ఎందుకు, మన తెలుగునేల మీదే కాలాలు ఒక్కటి కావు. తెలంగాణలో వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మాకు ఆ తర్వాత ఈశాన్య వానలున్నాయి. 2021లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు మునిగింది నవంబరు 19న. "వానాకాలం అయిపోయింది కదా" అని ఎవరైనా తేలిగ్గా అంటే మా గుండె కలుక్కుమంటుంది.

భూమధ్యరేఖ దాటితే ఇంకా తేడా, అక్కడా మనవాళ్లున్నారు. మద్రాసు నుంచి మనవాళ్లతో ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది 1860లో. దక్షిణాఫ్రికాలో మనవాళ్ల కథ అంత పాతది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవే ఉంది. మెల్‌బోర్న్‌లో ఉగాది నాటికి చెట్లు ఆకులు రాల్చే కాలం మొదలవుతుంది. వాళ్లకు "వసంతం వచ్చింది" అని రాస్తే పండగ వాళ్లదే గానీ రుతువు వాళ్లది కాదు. పంచాంగంలోంచి వసంతాన్ని తీసేయమనను, అది మన నేల మాట. వాళ్లకు పంపేటప్పుడు "ఉగాది శుభాకాంక్షలు" చాలు.

తేదీలూ అంతే. ఒంటిమిట్ట రాముడి కల్యాణం వెన్నెల్లో జరుగుతుందని మనకు తెలుసు. కానీ పున్నమి పేరు చెప్పి కువైట్‌లో లీవు అడగలేరు కదా. పోనీ 5/4 అని రాస్తే అమెరికాలో ఉన్న చెల్లెలు దాన్ని మే 4 అని చదువుకుంటుంది. "ఆదివారం సాయంత్రం ఆరింటికి అందరం మాట్లాడుకుందాం" అంటాం. కువైట్‌లో ఆదివారం పనిదినం, అప్పటికి మధ్యాహ్నం మూడున్నర. మెల్‌బోర్న్‌లో రాత్రి పది దాటుతుంది, పిల్లలు నిద్రపోయుంటారు.

ఈసారి దూరాన ఉన్న మీవాళ్లకు కబురు పెట్టేటప్పుడు నెలను అక్షరాల్లో రాయండి, ఏ ఊరి గంటో చెప్పండి. అక్కడ ఇప్పుడు ఎండా, చలా అని కూడా అడగండి.