డెట్రాయిట్‌లో నాకో ఆటోనగర్ దొరికింది!

డెట్రాయిట్ పేరు చెప్పగానే అందరికీ ఫోర్డ్, జనరల్ మోటార్స్, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. 1908లో ఫోర్డ్ ‘మోడల్ టి’ పుట్టింది ఈ ఊళ్లోనే. కార్ల గురించి చదివినవాళ్లెవరైనా ఒక్కసారి చూడాలనుకునే ఊరు. నేనూ అలాగే వచ్చా. ఇక్కడికి దగ్గర్లో నోవై అనే ఊళ్లో ఉంటా. కార్లలో వాడే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా పని. అయితే, ఈ మహానగరంలో నా మనసుకు బాగా దగ్గరైన చోటు మాత్రం ఏ ఫ్యాక్టరీయో మ్యూజియమో కాదు. మూతపడ్డ షాపుల వరసలో, బోర్డు కూడా సరిగా కనపడని ఒక హాలు. అందులో బూడిద రంగు కార్పెట్. దానిమీద జానెడున్నర కార్లు పరిగెడుతుంటాయి.

రిమోట్ కంట్రోల్ కార్ల రేసులండీ! ‘ఓస్, పిల్లల బొమ్మలేగా’ అంటారేమో. మొదట నేనూ అదే అనుకున్నా.

అసలు అక్కడికెందుకు వెళ్లానంటే... చలికాలం. మిషిగన్ చలికాలం గురించి చెబితే అర్థం కాదు, చూడాల్సిందే. సాయంత్రం ఐదున్నరకే చీకటి. గది, ఆఫీసు, ఇండియన్ స్టోరు, మళ్లీ గది. రోజూ నాన్న ఫోన్ చేస్తాడు. ‘తిన్నావా? చలిగా ఉందా? జాగ్రత్త’... రెండు నిమిషాలు. తర్వాత ఇద్దరికీ మాటలుండవు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. అక్కడందరూ మేస్త్రి అంటారు. చిన్నప్పుడు షెడ్డుకి వెళ్తే లోపలికి రానిచ్చేవాడు కాదు. ‘నీ చేతికి గ్రీజు అంటకూడదురా, పోయి చదువుకో’ అనేవాడు. చదువుకున్నా. కార్ల కంపెనీల ఊరికే వచ్చా. కానీ ఇన్నేళ్లలో నేనేం చేస్తానో ఆయనకి తెలీదు, ఆయనేం చేసేవాడో నాకు తెలీదు.

ఆ కీచుమోత

మా ఆఫీసులో ఒకతను తను కొన్నాళ్లాడి వదిలేసిన కారు అమ్ముతానంటే కొన్నా. జనవరిలో ఒక ఆదివారం దాన్ని డబ్బాలో పెట్టుకుని బయల్దేరా. బయట మైనస్ 12 డిగ్రీలు. ఐ-275 హైవే మీద చల్లిన ఉప్పుతో రోడ్డూ కార్లూ అన్నీ తెల్లగా ఉన్నాయి.

హాలు తలుపు తీయగానే ముందు వినపడేది కీచుమోత. వానాకాలం రాత్రి కీచురాళ్లన్నీ ఒకేసారి అరిచినట్టు! తర్వాత వాసన. టైర్లకి పట్టు రావడానికి రాసే ద్రవం, అచ్చం మోకాళ్ల నొప్పుల మందులాగే ఉంటుంది. ఒక పక్కన పొడవాటి బల్లలు. ఒక్కొక్కరికి ఒక దీపం, ఒక ఛార్జరు, పరిచిన తువ్వాలు, దానిమీద విప్పేసిన కారు. ఎనిమిదేళ్ల పిల్ల నుంచి ఎనభై ఏళ్ల తాత దాకా అందరూ తలలు వంచుకుని స్క్రూలు తిప్పుతున్నారు. మధ్యలో ట్రాక్. దాని పక్కన మెట్లెక్కి నిలబడే చెక్క వేదిక. డ్రైవర్లంతా అక్కడ వరసగా నిలబడి రిమోట్‌తో నడుపుతారు.

తమాషా ఏంటంటే, కారు మన నుంచి దూరంగా వెళ్లేటప్పుడు కుడి అంటే కుడే. మనవైపు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం కుడి ఎడమవుతుంది! మొదటి పది నిమిషాలూ నేను ట్రాక్ కంటే గోడనే ఎక్కువ నడిపా.

నేను దిగిన విభాగం పేరు వింటేజ్ ట్రాన్స్-యామ్. అసలు కారులో పదోవంతు సైజు. పైన తొడిగే బాడీలు 1960ల నాటివి, 70ల తొలినాళ్లవి... మస్టాంగ్, కమారో, ఛాలెంజర్, బారకుడా. ఈ ఊరి పాత వైభవమంతా అరచేతి ఎత్తున పరిగెడుతుంటుందన్నమాట.

పాతికన్నర చుట్ల కథ

ఇక్కడే అసలు విషయముంది. డబ్బున్నవాడు పెద్ద మోటారు కొని గెలిచేస్తే ఆటేముంది? అందుకే రూలు. మోటారు లోపలి తీగ ఇన్ని చుట్లే ఉండాలి. మా విభాగానికి 25.5 చుట్లు. మన ఊళ్లలో కాలిపోయిన వ్యవసాయ మోటారుని వైండింగ్ షాపుకి తీసుకెళ్తారు చూడండి, అక్కడ చుట్టే తీగే ఇదీను. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. 17.5 చుట్ల మోటారుతో పోలిస్తే మాది నిదానం. అయినా ఆ చిన్న హాల్లో దాని పరుగు చూస్తే గుండె ఝల్లుమంటుంది.

బ్యాటరీ అందరికీ 7.4 వోల్టులదే. టైర్లు ఒకే రకం. బరువు 1550 గ్రాములకు తగ్గకూడదు. ఇంకో రూలు ఉంది. మోటారుకి కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ అనే పెట్టెలో ఓ కిటుకుంటుంది. కరెంటు ఇచ్చే క్షణాన్ని కాస్త ముందుకి జరిపితే మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. దాన్నే టైమింగ్ అంటారు. మా విభాగంలో ఆ పెట్టెలో టైమింగ్ సున్నా ఉండాలి. సున్నాలో ఉంటే దానిమీద చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది. అందుకే దీనికి ‘బ్లింకీ’ అని ముద్దు పేరు. తనిఖీ చేసేవాళ్లు ఆ లైటు చూసి చెప్పేస్తారు.

మొదటి క్వాలిఫయింగ్ ఐదు నిమిషాలు. నా కారు సూటిదారిలో అందర్నీ దాటేస్తోంది! నాకే నమ్మకం కలగలేదు. కిందకి దిగి తనిఖీ బల్ల మీద కారు పెట్టా. ఆయన బాడీ తీశాడు. లైటు చూశాడు. నావైపు చూశాడు.

లైటు మిణుకుమనట్లేదు. స్థిరంగా వెలుగుతోంది.

‘ఈ పరుగు లెక్కలోకి రాదు’ అన్నాడు నెమ్మదిగానే. చుట్టూ నలుగురు విన్నారు. చెవులు వేడెక్కిపోయాయి నాకు. పాత యజమాని ఏం పెట్టి వదిలేశాడో నాకు తెలీదు. కానీ ఆ హాల్లో మన మొహం నాదొక్కటే. ‘వచ్చిన రోజే మోసం’ అనుకుంటారేమో! కారు డబ్బాలో సర్దేసి ఇంటికెళ్లిపోదామనే అనుకున్నా.

పక్క బల్ల తాత కుర్చీ లాక్కుని నా దగ్గరికొచ్చాడు. ‘ఆ బటన్ నొక్కి పట్టుకో. ఇంకా... ఇంకా... ఇప్పుడు వదులు’ అన్నాడు. లైటు మిణుకుమంది. ‘ఇక్కడున్నవాళ్లలో సగం మందికి ఒక్కసారైనా జరిగింది. నాకు రెండుసార్లు’ అని నవ్వాడు. ఆయనది నీలం మస్టాంగ్. డియర్‌బార్న్ ప్లాంట్‌లో చాలా ఏళ్లు తలుపులు బిగించాడట. 2004 దాకా మస్టాంగ్‌లు తయారైంది అక్కడే. ‘నిజం కారుకి తలుపులే బిగించా. ఇది మాత్రం మొత్తం నాదే’ అన్నాడు.

సాలూరు ఘాట్‌లో టాప్ గేరు

టైమింగ్ పోయాక కారు నత్తలా అనిపించింది. మరి పోయిన వేగం ఎలా తేవాలి? పీనియన్ మార్చా. మోటారు కొసన ఉండే చిన్న పళ్ల చక్రమే పీనియన్. దాని పళ్లు పెంచితే మోటారు ఒక్క చుట్టుకి కారు ఎక్కువ దూరం పోతుంది. డబ్బాలో ఉన్నవాటిలో పెద్దది, 48 పళ్లది వేసేశా.

రెండో క్వాలిఫయింగ్. మొదటి రెండు నిమిషాలు బాగానే ఉంది. మూడో నిమిషం నుంచి కారు నీరసపడింది. నాలుగో నిమిషానికి పిల్లలు కూడా దాటేశారు. దించి చూస్తే మోటారు చెయ్యి పెట్టలేనంత వేడి. తాత తన థర్మామీటరు పెట్టాడు. 90 డిగ్రీలు! 70 దాటకుండా చూసుకోమంటారు ఇక్కడివాళ్లు. మరీ వేడెక్కితే లోపలి అయస్కాంతం శక్తి తగ్గిపోతుంది, మళ్లీ రాదు.

సరిగ్గా అప్పుడు నాన్న వీడియో కాల్. అక్కడ రాత్రి పదిన్నర.

‘తిన్నావా? ఏంటా చప్పుడు? ఎక్కడున్నావురా?’

ఏం చెప్పాలో తోచక మోటారు చూపించా. జరిగిందంతా చెప్పా. నాన్న కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు.

‘పెద్ద చక్రం పళ్లెన్ని?’

‘88 నాన్నా.’

‘లోపల ఇంకో తగ్గింపు ఉంటదే?’

‘ఉంది. 1.9.’

నాన్న నోటితోనే లెక్కేశాడు. 88ని 48తో భాగించి, 1.9తో గుణిస్తే దాదాపు మూడున్నర. అంటే మోటారు మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు.

‘సాలూరు ఘాట్‌లో లోడు లారీని టాప్ గేర్లో ఎక్కిస్తే ఏమవుద్ది? ఇంజిన్ ముక్కుతుంది, వేడెక్కుద్ది, చివరికి నిలబడిపోద్ది. నువ్వు చేసిందీ అదే. వేగం కావాలని గేరు పెంచావ్. మోటారుకి ఊపిరాడట్లా. మూడు పళ్లు దించు. మలుపులెక్కువున్నచోట టాప్ స్పీడుతో పనేంట్రా, మలుపు తిరిగాక ఎత్తుకోవాలిగానీ!’

ఇంత పొడుగు మాట నాన్న నోట నేనెప్పుడూ వినలేదు.

45 పళ్ల పీనియన్ నా దగ్గర లేదు. తాత తన డబ్బాలోంచి తీసిచ్చాడు. ఫోన్ అటు తిప్పా. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. తాత చెయ్యి ఊపాడు. నాన్న దణ్ణం పెట్టాడు. ఆ ఊపే చేతినే చూస్తూ ‘గోళ్ల సందుల్లో నలుపు చూడు. మనోడే’ అన్నాడు.

అక్కడితో ఆగలేదు. కారు మలుపులో ఎందుకు తూలుతోంది, స్ప్రింగులేంటి, షాకబ్జర్లలో ఆయిల్ ఎంత చిక్కన... లారీ కమాన్ కట్టల దగ్గర మొదలుపెట్టి అన్నీ అడిగాడు. కార్పెట్ మీద పట్టు మరీ ఎక్కువైతే కారు జారదు, బోల్తా కొడుతుంది. అలాంటప్పుడు ముందు టైర్లకి రాసే మందు సగం వెడల్పుకే రాస్తారు, కారు ఎత్తు కాస్త దించుతారు. అది చెబితే నాన్నకి భలే ముచ్చటేసింది. ‘పట్టు ఎక్కువైనా ప్రమాదమేనంటావ్!’ అన్నాడు. ఫోన్ పెట్టేసరికి నలభై నిమిషాలు.

నీ రేసు అయ్యాకే అసలు పని

ఇక్కడ ఇంకో రూలుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మన రేసు అయిపోగానే రిమోట్ పక్కన పెట్టి ట్రాక్ మలుపుల్లో నిలబడాలి. తర్వాతి రేసులో ఏ కారు బోల్తా కొట్టినా లేపి నిలబెట్టాలి. దీన్ని మార్షలింగ్ అంటారు. ఎగ్గొడితే మన ఫలితానికి కోత పడుతుంది. కారు పడగానే ఉరకకూడదు. ముందు అటూ ఇటూ చూసి, వచ్చే కార్లకి అడ్డు రాకుండా వెళ్లి లేపాలి. అచ్చం మన హైవే దాటినట్టే.

మూడో క్వాలిఫయింగ్‌లో నా కారు ఐదు నిమిషాలూ ఒకే ఊపులో నడిచింది. సూటిదారిలో మాత్రం కొందరు దాటారు. మలుపు తిరిగాక నేను వాళ్లని అందుకున్నా. ఫైనల్స్‌లో నాకు బి మెయిన్ దక్కింది. అంటే రెండో వరస వాళ్ల ఫైనల్. ఎనిమిది మందిలో నాలుగో స్థానం. కప్పు లేదు, ఫొటో లేదు. ఈసారి లైటు మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంది. తనిఖీ ఆయన చూసి బొటనవేలు ఎత్తాడు.

తర్వాత ఏ మెయిన్. తాత అందులో ఉన్నాడు. నేను సూటిదారి చివరి మలుపులో నిలబడ్డా. మూడో నిమిషంలో నీలం మస్టాంగ్ సరిగ్గా నా ముందే బోల్తా కొట్టింది. వెనక నుంచి రెండు కార్లు వస్తున్నాయి. అవి దాటేదాకా ఆగి, ఒక్క అడుగు వేసి, తిప్పి పెట్టేశా. వేదిక మీంచి తాత నావైపు చూడనైనా చూడలేదు, చూపంతా కారు మీదే. మూడోవాడుగా ముగించాడు. దిగొచ్చాక నా బల్ల మీద వేళ్లతో రెండుసార్లు తట్టి తన కుర్చీలో కూర్చున్నాడు. అంతే. అంతకంటే ఏం చెబుతాడు?

సామాను సర్దుకుని బయటికొస్తే మళ్లీ మంచు మొదలైంది. సాయంత్రం నాలుగు. విజయవాడలో రాత్రి రెండున్నర. పొద్దున్నే చెబుదాంలే అనుకుంటూ కారు అద్దం మీది మంచు గీకుతున్నా. ఫోనే మోగింది.

‘పడుకోలేదా నాన్నా?’

‘ఎంతొచ్చింది?’

‘నాలుగో స్థానం. అదీ రెండో వరసలో.’

‘అది కాదురా, మోటారు వేడి!’

‘65.’

‘ఊఁ’ అన్నాడు. ఆ ‘ఊఁ’లో ఎంత ఉందో ఆటోనగర్ వాళ్లకే తెలుస్తుంది. కాసేపాగి అడిగాడు.

‘ఆ పీనియన్ అక్కడ ఎంత పడుద్ది?’

‘ఏడు డాలర్లు. ఆరేడొందలు.’

‘ఆరేడొందలా! గోళీ అంత చక్రానికా? ముందే చెబితే ఇక్కడ లేత్ మీద కోయించి పంపేవాణ్ణి గదరా... పళ్ల కొలతలు రాసి పంపు. 44, 45, 46, మూడూ చేయిస్తా.’

రాసి పంపా. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నా.