ఇరవై అంటే ఏ ఇరవై?

ఈసారి టూ-స్ట్రోక్ బండికి పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి అన్నదాని మీద రాస్తున్నాం. "ఆ బండ్లు ఇప్పుడెక్కడున్నాయి?" అని నవ్వకండి. మన కామాటిపురా గల్లీల్లో ఇంకా ఉన్నాయి. చివరిదాకా చదవండి. ఇందులో మా తప్పు ఒకటుంది, అది మీ అందరి ముందూ ఒప్పుకోవాలి.

మేం అంటే సాయంత్రం చాల్ కింద బల్ల మీద కూర్చునే ముగ్గురం. ముగ్గురం రిటైరైనవాళ్లమే, ముగ్గురం ఒకప్పుడు స్కూటర్ నడిపినవాళ్లమే. చేతక్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలం మాది. పెట్రోల్ పంప్‌లో ముందు పెట్రోల్, తర్వాత చేతిపంపుతో కొట్టే ఆ నీలం ఆయిల్, ఆ తర్వాత కలవడానికి బండిని అటూ ఇటూ ఊపడం. ఎంత ఆయిల్? లీటరుకి ఇరవై మిల్లీ. అంటే 2 శాతం. ఆ లెక్క మాకు ఎక్కం లాగా నోటికొచ్చు. అదే మా కొంప ముంచింది.

మా తమ్ముడి మనవడు ఒక పాత ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన యమహా బండి, 98 సీసీ. మీలో చాలామందికి దాని చప్పుడు ఇంకా చెవుల్లో ఉంటుంది. పుణె వైపు మట్టి ట్రాక్ మీద రేసులు జరుగుతాయి, అందులో దిగాలని వాడి కోరిక. అందుకోసం బండిని మార్పించాడు. మామూలుగా ఆ బండికి ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది, చిన్న పంపు ఒకటి యాక్సిలరేటర్ తిప్పినదాన్ని బట్టి, ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి ఆయిల్ అందిస్తుంది. రేసుకి వెళ్లేవాళ్లు చాలామంది ఆ పంపు తీసేసి, ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలుపుకుంటారు. వీడూ తీయించాడు. సిలిండర్ బోర్ కొట్టించి కొత్త పిస్టన్ వేయించాడు.

బండి ఇస్తూ మిస్త్రీ హిందీలో ఒక్క ముక్క చెప్పాడట: "నయా పిస్టన్ హై, బీస్ కా డాల్‌నా." వీడికి అనుమానం వచ్చి మా దగ్గరికొచ్చాడు. "తాతయ్యా, ఇరవై అంటే లీటరుకి ఇరవై మిల్లీయే కదా?" ముగ్గురం ఒక్క గొంతుతో "అంతే కదరా, ఎప్పుడూ అంతేగా" అన్నాం. ఒక్కరం కూడా ఆలోచించలేదు. వాడు ఐదు లీటర్ల డబ్బాలో కొలిచి మరీ వంద మిల్లీ పోసుకున్నాడు.

మిస్త్రీ చెప్పిన ఇరవై మిల్లీలు కాదు. ఇరవైకి ఒకటి. అంటే ఇరవై వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్. లెక్క చూడండి: లీటరుకి యాభై మిల్లీ. ఐదు లీటర్లకి వంద కాదు, రెండు వందల యాభై. మేం చెప్పిన ఇరవై మిల్లీ అంటే యాభైకి ఒకటి. ఇరవైకి ఒకటి అంటే యాభై మిల్లీ, యాభైకి ఒకటి అంటే ఇరవై మిల్లీ. రెండు అంకెలూ అద్దంలో బొమ్మల్లాగా తారుమారు అవుతాయి. మాలో ఈ రాసే చెయ్యి రైల్వేలో అంకెలతోనే బతికింది. బడిలో లెక్కలు తమిళంలో నేర్చుకుంది కాబట్టి నిష్పత్తి అనే తెలుగు మాట ఆలస్యంగా తెలిసింది, నిజమే. కానీ లెక్కకి భాష లేదు. ఆ సాకు ఇక్కడ చెల్లదు.

ఏం జరిగిందో చెబుతాం. ట్రాక్ మీద మూడో రౌండులో, బాగా వేగంలో ఉండగా, పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది. ఇంజన్ ఆగితే వెనక చక్రం కూడా ఆగిపోతుంది. బండి జారి, వాడు ఎగిరి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. ఇంజన్ చప్పుడు మారగానే క్లచ్ పట్టేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

ఎందుకు పట్టేసింది? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఆయిల్ కింద నిలవ ఉంటుంది, మళ్లీ మళ్లీ తిరుగుతుంది. టూ-స్ట్రోక్‌లో అలా కాదు. పెట్రోల్, గాలి కలిసి ముందు క్రాంక్ ఉన్న గదిలోకే వస్తాయి. పెట్రోల్ వెంట వచ్చే ఆ కాస్త ఆయిలే క్రాంకుకి, బేరింగులకి, సిలిండర్ గోడకి తడి. పని చేసి కాలిపోతుంది. గేర్ల ఆయిల్ వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. పిస్టన్ అల్యూమినియం, గోడ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది. కొత్త పిస్టన్ బిగుతుగా ఉంటుంది కాబట్టి మొదట్లో ఆయిల్ ఎక్కువ కావాలి. మిస్త్రీ అందుకే ఆ మాట చెప్పాడు.

వాడు ఇంట్లో మా పేరు చెప్పలేదు. "నేనే లెక్క తప్పాను అమ్మా" అన్నాడట. మా కోడలు బండి అమ్మేయమని ఏడ్చింది. మేం చూడ్డానికి వెళ్లి, పళ్లు ఇచ్చి, "కుర్రాళ్లకి జాగ్రత్త లేదు" అని కూడా అని వచ్చాం. రెండు నెలలు అలాగే ఉన్నాం. సాయంత్రం బల్ల మీద కూర్చుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

ఆ రెండు నెలల్లో మిస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నది రాస్తాం, ఎవరికైనా పనికొస్తుంది.

ఒకటి, "ఎక్కువ పోస్తే మంచిదేగా" అన్నది కూడా తప్పే. ఆయిల్ పెరిగితే ఆ మేరకు పెట్రోల్ తగ్గుతుంది, గాలి పాలు పెరిగి ఇంజన్ వేడెక్కుతుంది. పైగా ప్లగ్ తడుస్తుంది, సైలెన్సర్‌లో మసి కడుతుంది, పొగ వస్తుంది. ఢిల్లీలో ఆటోల పొగ భరించలేకే 1998లో సుప్రీంకోర్టు టూ-స్ట్రోక్ బండ్లకి ముందే కలిపిన పెట్రోల్ అమ్మమని చెప్పింది. కాబట్టి ఆయిల్ పాలు మారిస్తే కార్బురేటర్ జెట్ కూడా చూసుకోవాలి.

రెండు, ఏ బండికైనా ఒకే లెక్క లేదు. చేతక్‌కి ఇరవై మిల్లీ, పాత జావాకి అంతకంటే ఎక్కువ. ఇంజన్ ఎలాంటిది, ఆయిల్ ఎలాంటిది, ఎంత గట్టిగా నడుపుతారు అన్నదాని మీద ఉంటుంది. కంపెనీ పుస్తకం, ఆయిల్ డబ్బా మీద రాసింది, రెండూ చదవాలి. డబ్బా మీద జాసో ఎఫ్‌సి గానీ ఎఫ్‌డి గానీ ఉందో లేదో చూడాలి. పడవ ఇంజన్ల ఆయిల్ దీనికి వద్దు.

మూడు, ఇప్పుడు పంపులో వచ్చే పెట్రోల్ మన కాలం నాటిది కాదు. 20 శాతం ఇథనాల్ ఉంది. దానితో కూడా గాలి పాలు పెరిగినట్టే, పాత జెట్ చాలకపోవచ్చు. అది నీళ్లని పీలుస్తుంది. మన ముంబై వానల్లో కలిపిన డబ్బా నెలల తరబడి ఉంచకూడదు. డబ్బా మీద తారీఖు రాయాలి, పోసే ముందు ఊపాలి.

నాలుగు, ప్లగ్ తీసి చూడాలి. కాఫీ రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే ప్రమాదం, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైనట్టు.

పోయిన ఆదివారం ముగ్గురం కలిసి వాళ్ల ఖోలీకి వెళ్లాం. కోడలితో చెప్పాం, "వాడు మమ్మల్ని అడిగాడమ్మా. తప్పు చెప్పింది మేమే." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడు మొదటి రోజే నాతో చెప్పాడు మామయ్యా. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నా" అంది. టీ పెట్టింది. ఆ టీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

బోర్ మళ్లీ కొట్టించే ఖర్చు ముగ్గురం పంచుకున్నాం. రేసుకి వెళ్లడమా మానడమా అన్నది వాడూ వాళ్ల అమ్మా తేల్చుకుంటారు, మేం నోరు పెట్టం. వాడి డబ్బాకి మాత్రం మేమే చీటీ అతికించాం. రైల్వేలో రసీదు మీద డబ్బు అంకెల్లో, అక్షరాల్లో రెండు విధాలా రాసేవాళ్లం, ఎవరూ పొరబడకూడదని. అలాగే రాశాం: "20:1. లీటరుకి యాభై మిల్లీలీటర్లు. ఐదు లీటర్లకి రెండు వందల యాభై."

మన పిల్లలు ఏదైనా అడిగినప్పుడు మనకి వెంటనే జవాబు నోటికొచ్చేస్తుంది. అప్పుడే కాస్త ఆగి, "ఇరవై అంటే ఏ ఇరవై రా?" అని అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

లెక్కలో ఇంకేమైనా తప్పుంటే తెలిసినవాళ్లు చెప్పండి, దిద్దుకుంటాం.