మూడు మంగళవార్తలు

మార్చి 5, 2025, విభూతి బుధవారం

తపస్కాలం మొదలైంది. కాజీపేట ఫాతిమా కెథీడ్రల్లో పొద్దున పూజకే నిలబడడానికి చోటు లేదు. నుదుటి మీద బూడిద చెరపకుండానే రైల్వేవాళ్లు డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లిపోయారు. ఈస్టర్ వచ్చేదాకా ఒకే విషయం గురించి వీలున్నప్పుడల్లా రాసుకోవాలని కూర్చున్నాను. పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్లు ఇచ్చే ప్రాయశ్చిత్తాలు ఒకరికీ ఇంకొకరికీ ఎందుకంత తేడాగా ఉంటాయి? ఉండాలా, ఉండకూడదా?

మార్చి 9, ఆదివారం

కేటకిజం క్లాసు. ఈ ఏడు కొత్త సత్ప్రసాదం తీసుకునే పిల్లలకు పాపసంకీర్తనం ఎలా చేయాలో నేర్పుతున్నాను. వెనక వరుసలోంచి ఒక పాప లేచింది. "టీచర్, ఇద్దరం ఒకే తప్పు చేస్తే ఇద్దరికీ ఒకటే శిక్ష పడాలె కదా? బళ్లె అట్లనే కదా?"

1983 శ్రీసభ చట్టంలో 981వ నియమం ఉంది. చేసిన పాపాల తీరు, వాటి సంఖ్య చూసి, చెప్పుకున్న మనిషి పరిస్థితి కూడా లెక్కలోకి తీసుకుని, ఆ మనిషికి మేలు చేసే ప్రాయశ్చిత్తం ఇవ్వాలని అది గురువును ఆదేశిస్తుంది. 978వ నియమం ఇంకా స్పష్టంగా చెబుతుంది. పాపసంకీర్తన పీట మీద కూర్చున్న గురువు న్యాయాధిపతి, వైద్యుడు కూడా. పిల్లలకు అర్థమయ్యేలా, ఎంజీఎం ఆసుపత్రికి ఇద్దరు జ్వరంతో పోయినా డాక్టర్ ఇద్దరికీ ఒకే చీటీ రాయడని చెప్పాను.

పాప కూర్చోలేదు. "మరి అందరికీ మూడు మంగళవార్త జపాలే ఇస్తరు కదా టీచర్?"

సరిగ్గా అక్కడే ఉంది అసలు ప్రశ్న.

మార్చి 14, శుక్రవారం

హోలీ. ఫాతిమానగర్ గల్లీల్లో రంగులు ఇంకా ఆరలేదు. చెవుల వెనక గులాబీ రంగు పోని కుర్రాళ్లు కొందరు సిలువ మార్గానికి వచ్చి మోకాళ్లూనారు. చూడడానికి బాగుంది.

మార్చి 18

అమ్మమ్మ చెప్పిన సంగతి. వరంగల్ మేత్రాసనం 1952లో హైదరాబాద్ నుంచి వేరుపడింది. మొదటి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా ఇటలీవారు, పీమే సభ గురువు. అప్పట్లో ఊళ్లు తిరిగే ఫాదర్లు చాలామంది ఇటలీవాళ్లే. అమ్మమ్మ వాళ్ల ఊరికి వచ్చే ఫాదర్‌కు తెలుగు పుస్తకాల నుంచి వచ్చింది. పొలం గట్టు తగాదా, కల్లు దగ్గర తగాదా, అత్తా కోడళ్ల గొడవ, వీటిలో ఏది ఎంత పెద్దదో ఆయనకు మొదట్లో అంతుబట్టేది కాదట. అందుకని పాపం వినగానే ప్రాయశ్చిత్తం చెప్పేవాడు కాదు, తిరిగి అడిగేవాడు: "ఆమెతో ఇప్పుడు మాట్లాడుతున్నావా?" లేదంటే, పోయి మాట్లాడడమే ప్రాయశ్చిత్తం. జపాలు తర్వాత. అమ్మమ్మకు ఆయన పేరు గుర్తు లేదు, ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

భాష రాని గురువు దగ్గర దుబాసీ ద్వారా పాపాలు చెప్పుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. గురువులాగే ఆ దుబాసీ కూడా నోరు కట్టుకోవాల్సిందే. గురువు ఆ రహస్యాన్ని నేరుగా బయటపెడితే ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి. చెప్పుకున్న మనిషికి మాత్రం ఆ కట్టు లేదు. అందుకే ఈ డైరీలో నేను రాసే ప్రాయశ్చిత్తాలన్నీ ఎవరికి వాళ్లు నోరు విప్పి చెప్పినవే, రాసుకోమని ఒప్పుకున్నవే.

మార్చి 22

మన దగ్గరికి వచ్చిన పీమే గురువుల సభ పుట్టింది 1850లో, మిలాన్‌లో. ప్రాయశ్చిత్తాల చరిత్ర తిరగేస్తుంటే అదే ఊరు పదే పదే ఎదురవుతోంది.

క్రీ.శ. 390. థెస్సలొనీకలో వేలమందిని చంపించిన రోమా చక్రవర్తి థియొడోసియస్‌కు మిలాన్ పీఠాధిపతి అంబ్రోస్ సత్ప్రసాదం ఇవ్వనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసి, జనం ముందు ప్రాయశ్చిత్తం చేశాకే సత్ప్రసాదానికి రానిచ్చాడు. ఆ కాలంలో ఘోర పాపాలకు అంతే. అందరి ముందూ ప్రాయశ్చిత్తం, సామాన్యంగా జీవితంలో ఒక్కసారే. ముందు ప్రాయశ్చిత్తం పూర్తి కావాలి, విమోచనం ఆ తర్వాత. ఇప్పుడది తిరగబడింది. విమోచనం ముందే దొరుకుతుంది, ప్రాయశ్చిత్తం చేయడానికి గుడి బెంచీ దగ్గరికి వెళ్తాం.

మార్పు తెచ్చినవాళ్లు ఐర్లండ్ సన్యాసులు. చాటుగా, ఎన్నిసార్లయినా చెప్పుకోవచ్చన్నారు. ఏ పాపానికి ఎన్నాళ్లు రొట్టే నీళ్లూ అని పుస్తకాలు రాసిపెట్టారు. ఆరో శతాబ్దపు ఫినియన్ పుస్తకంలో ఒక చోట ఆగిపోయాను. పొరుగువాణ్ణి కొట్టాలనో చంపాలనో మనసులో నిశ్చయించుకున్న గురువుకు ఆరు నెలలు రొట్టే నీళ్లూ, ఏడాదంతా మాంసం, ద్రాక్షారసం బంద్. అదే పాపానికి గృహస్థుకు వారం రోజులు. అతను లోకంలో బతికేవాడు కాబట్టి ఈ లోకంలో అతని నేరం తక్కువట. తెలిసినవాడి మీద ఎక్కువ బరువు పెట్టిన ఆ లెక్క నాకు చాలా నచ్చింది. మా క్లాసు పాప అడిగిన "ఇద్దరికీ ఒకటే" అన్నది ఈ పుస్తకాల్లో కూడా లేదన్నమాట.

చెడింది కూడా ఆ పుస్తకాల వల్లే. ఇన్ని ఉపవాసాలకు బదులు ఇన్ని కీర్తనలు, కీర్తనలకు బదులు ఇంత డబ్బు అని మార్పిళ్లు మొదలయ్యాయి. ఉన్నవాళ్లు తమ ఉపవాసం వేరేవాళ్లతో చేయించుకునేదాకా పోయింది. 1215 లాతరను మహాసభ ఏడాదికొక్కసారైనా పాపసంకీర్తనం తప్పదంది. 1551లో త్రెంతు మహాసభ, ఘోర పాపాలకు మరీ తేలిక ప్రాయశ్చిత్తం ఇచ్చే గురువులు ఆ పాపాల్లో పాలుపంచుకున్నట్లేనని హెచ్చరించింది. మధ్యలో జాలీ ఉన్న పాపసంకీర్తన పీటను వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఆ శతాబ్దపు కార్లో బొర్రొమేయో. ఆయనా మిలాన్ పీఠాధిపతే.

మార్చి 23, ఆదివారం

పోపు ఫ్రాన్సిస్ గారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారని టీవీలో చూశాం. పూజలో ఆయన కోసం ప్రార్థించాం. 1953 సెప్టెంబర్ 21న పదహారేళ్ల కుర్రాడిగా బ్యూనస్ ఐరిస్‌లోని ఫ్లోరెస్ గుడిలో పాపసంకీర్తనం చేశాకే ఆయనకు గురువు కావాలన్న పిలుపు వినిపించింది. 2014 మార్చిలో సెయింట్ పీటర్స్‌లో, జనం పాపాలు వినడానికి వెళ్తూ వెళ్తూ, ముందు తానే ఒక మామూలు గురువు ముందు మోకరించారు. పాపసంకీర్తన పీట చిత్రహింసల గది కాకూడదని 2013లోనే రాశారు.

మార్చి 28, శుక్రవారం

"ప్రభువు కోసం 24 గంటలు." పాపసంకీర్తనం లైన్ మెల్లగా కదులుతోంది. మోకాళ్ల పలక మీది రెక్సిన్ రెండు చోట్ల చిరిగి స్పాంజి బయటికొచ్చింది. జాలీకి కట్టిన ఊదారంగు గుడ్డ అంచు, వేళ్లు తగిలీ తగిలీ నల్లబడింది. లోపలికి వెళ్లినవాళ్లు ఎంతసేపున్నారో లెక్కపెట్టొద్దని పిల్లలకు చెప్పాను. ఎక్కువసేపున్నవాళ్లు పెద్ద పాపులేం కాదు.

ఏప్రిల్ 2

మా దూరపు బంధువు ఊళ్లు తిరిగి మిర్చి కొనే చిరువ్యాపారి. సీజన్ కదా, అలసి వచ్చాడు. చాయ్ తాగుతూ చెప్పాడు. ఒక రైతు దగ్గర కాంటాలో మోసం చేశాడు. ఆ మాట ఫాదర్‌కు చెప్పాడు.

"పది జపమాలలు చెప్పమన్నా చెప్పేటోణ్ణక్కా. ఎంత తక్కువ జోకినవో లెక్కగట్టి ఆ పైసలు ఆయనకే ఇచ్చిరా అన్నడు. గిది కష్టం."

"ఏమని ఇస్తవు?"

"అదే అడిగిన. నీ పేరు చెప్పాలని లేదు, పైసలు చేరాలె అన్నడు. రైతు దొరకకపోతే పేదోళ్లకియ్యమన్నడు."

ఈ బంధువుతో పాటే అదే లైన్లో నిలబడిన ఇంకొకతనికి కూడా డబ్బు సంగతేనట, అతనికి మాత్రం ఒక సిలువ మార్గం చాలన్నారట. మా వాడికి అన్యాయం జరిగినట్టుంది. నాకు అలా అనిపించలేదు. ఆ రెండో మనిషి అప్పటికే డబ్బు తిరిగిచ్చి వచ్చాడేమో మనకేం తెలుసు? దొంగిలించింది తిరిగివ్వడం ప్రాయశ్చిత్తం ఒక్కటే కాదు, అది న్యాయంగా తీర్చాల్సిన బాకీ, జపాలతో చెల్లదు. జక్కయ్య ప్రభువుకు మాటిచ్చింది నాలుగింతలు. మా వాడిని అడిగింది ఒక్కింతే.

ఏప్రిల్ 6, ఆదివారం

మిర్చి బంధువుకు పడిన ప్రాయశ్చిత్తానికి ఎదురుగా ఆర్స్ గురువు, పునీత జాన్ వియాన్నీని పెట్టి చూడాలి. ఫ్రాన్స్‌లో చిన్న ఊరు, రోజుకు పదహారు గంటల దాకా పాపసంకీర్తనాలు వినేవాడు. వచ్చినవాళ్లకు చిన్న ప్రాయశ్చిత్తం ఇచ్చి, మిగిలింది వాళ్ల బదులు తాను చేసేవాడు. 1925లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు, ఈ మే నెలకు నూరేళ్లు. తేలిక ప్రాయశ్చిత్తాన్ని నేను తప్పుపట్టడం లేదు. వియాన్నీ తేలికగా ఇచ్చాడంటే మిగతా బరువు తన వీపున వేసుకున్నాడు కాబట్టి.

ఏప్రిల్ 11, శుక్రవారం

పక్కింటి అక్కకు షుగర్. ప్రాయశ్చిత్తంగా శుక్రవారాలు పూర్తి ఉపవాసం ఉండమన్నారు ఫాదర్. పోయిన వారం కళ్లు తిరిగి పడబోయింది. "ఫాదర్ చెప్పిండు కదా, ఎట్ల తప్పుత?" అంటుంది. ఆయనకు నీ షుగర్ సంగతి తెలీదక్కా, మళ్లీ పోయి చెప్పు అని పంపాను. ఫాదర్ వెంటనే మార్చారు. ఉపవాసం వద్దు, ఆసుపత్రిలో తోడు లేని రోగుల దగ్గర ఒక సాయంత్రం కూర్చోమన్నారు. చేయలేని ప్రాయశ్చిత్తాన్ని మార్చమని అడిగే హక్కు మనకుంది. అదే గురువును అడగొచ్చు, కుదరకపోతే ఇంకొకరిని. ఇది ఎవరూ చెప్పరు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

నిన్న పిల్లల మొదటి పాపసంకీర్తనం అయింది. ఇవాళ చేతుల్లో ఈత మట్టలతో మెట్ల మీద లెక్కలు తీస్తున్నారు.

"నాకు మూడు. నీకు?"

"నాకు ఒక్క పరలోక జపం."

"నాకు జపాలే లేవు. వారం దాకా అమ్మకు బోళ్లు కడిగియ్యాలట."

ఆ మూడోవాడు ఏడుపు ముఖం పెట్టాడు. వాడి పాపమేమిటో నేను అడగలేదు. అందరికంటే మంచి ప్రాయశ్చిత్తం వాడికే దొరికిందని మాత్రం చెప్పాను. 1917లో ఫాతిమాలో మరియమ్మను చూసిన పిల్లలు లూసియా, ఫ్రాన్సిస్కో, జసింత ఇంచుమించు వీళ్ల వయసువాళ్లే. పాపుల కోసం తమ మధ్యాహ్నం బువ్వ పేదపిల్లలకు ఇచ్చేసేవాళ్లు. మన గుడికి ఆ తల్లి పేరే పెట్టుకున్నాం.

ఏప్రిల్ 17, పవిత్ర గురువారం

లైన్ బయటిదాకా. ఎండ ఇంకా తగ్గలేదు. ఫాదర్లు పొద్దున్నుంచి కూర్చునే ఉన్నారు, గొంతులు బొంగురుపోయాయి. బయటికొచ్చిన వాళ్లలో మాట్లాడిన ప్రతి ఒక్కరికీ మూడు మంగళవార్తలే. కోపంతో వచ్చినవాడికీ, అప్పు ఎగ్గొట్టినవాడికీ, మంచం పట్టిన అత్తను చూసుకుంటూ విసుక్కున్న కోడలికీ. ఆ కోడలు ఏడాదిగా చేస్తున్న సేవ ముందు ఆ మూడూ ఎక్కువే, అప్పు ఎగ్గొట్టినవాడికి తక్కువే.

తేడా అన్యాయమని అప్పుడు క్లాసులో ఆ పాప అనుకుంది. అన్యాయం తేడాలో లేదు, అందరికీ ఒకటే ఇవ్వడంలో ఉంది. ఫాదర్ల తప్పు కాదు. వందలమందిని ఒక్క వారంలోకి తోసుకొచ్చేది మనమే.

ఏప్రిల్ 21, సోమవారం

పోపు ఫ్రాన్సిస్ గారు ఈ ఉదయం పోయారు. నిన్ననే ఈస్టర్ దీవెన ఇచ్చారు. గంటలు మోగాయి.

ఏప్రిల్ 27, ఆదివారం

మిర్చి బంధువు ఫోన్ చేశాడు. రైతు దొరికాడు, డబ్బు చేరింది. పేరు చెప్పాల్సిన పని లేకపోయినా చెప్పేశాడట.

ఇది చదివే మన విచారణవాళ్లకు ఒక మాట. వచ్చే తపస్కాలం దాకా ఆగకండి, జనం లేని మామూలు శనివారం వెళ్లండి. మీ ఇల్లు, ఆరోగ్యం, ఎవరితో మాటల్లేవో, ఎవరికి బాకీయో రెండు ముక్కల్లో చెప్పండి. ఇచ్చిన ప్రాయశ్చిత్తం మీ వల్ల కాదనిపిస్తే మోకాళ్ల మీది నుంచి లేవకముందే ఫాదర్‌తో ఆ మాట అనండి.