రెండు రిపోర్టులు

మూడో నెల పరీక్షల్లో నా విడిఆర్ఎల్ ‘రియాక్టివ్’ అని వచ్చింది. పక్కన 1:2 అని అంకె. వారం తర్వాత చేసిన టిపిహెచ్ఏ ‘నాన్ రియాక్టివ్’. మొదటి కాగితం సిఫిలిస్ ఉందేమో అంటోంది, రెండోది లేదంటోంది.

ఆ వారంలో ఇంట్లో వేరే పరీక్షలు జరిగాయి. కాగితం అందించిన సిస్టర్ గొంతు తగ్గించి, “మీవారికి తెలుసా మేడమ్?” అంది. అత్తగారు ఏమీ అడగలేదు. పెళ్లికి ముందు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఎన్నేళ్లున్నానో మాత్రం గుర్తు చేసుకున్నారు. మా ఆయన్ని రక్తపరీక్షకి వెళ్లమని ఎవరూ అనలేదు.

రెండు పాఠాలు పొసగనప్పుడు ఏది నిజమని కాక, ఏది దేన్ని గురించి మాట్లాడుతోందని అడగడం సాహిత్య పరిశోధనలో మాకు అలవాటు. డాక్టరుగారూ అదే చేశారు. విడిఆర్ఎల్ సిఫిలిస్ క్రిమిని నేరుగా వెతకదు. కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి స్పందించే యాంటీబాడీలను చూస్తుంది. ఆ పదార్థాన్ని 1940ల మొదట్లో ఎద్దు గుండె నుంచి వేరుచేసింది మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త. ఈ యాంటీబాడీలు మలేరియాలో, కుష్ఠులో, లూపస్‌లో, ఒక్కోసారి ఏ జబ్బూ లేని గర్భిణిలో కూడా కనిపిస్తాయి. టిపిహెచ్ఏ చూసేది ఆ క్రిమికే ఎదురు నిలిచే యాంటీబాడీలను. అందుకే తక్కువ అంకెతో మొదటిది పాజిటివ్, రెండోది నెగెటివ్ అయితే చాలావరకు అది ‘ఫాల్స్ పాజిటివ్’. ఫలితాలు తారుమారైతే అర్థమూ మారుతుంది. ఎప్పుడో నయమైన జబ్బు కావచ్చు, చికిత్స అందని పాత జబ్బూ కావచ్చు. ఒకసారి పాజిటివ్ అయిన టిపిహెచ్ఏ చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది.

మరీ తొలిదశ కాదని తేల్చుకోడానికి నాలుగు వారాలాగి మళ్లీ చేశారు. టిపిహెచ్ఏ మళ్లీ నాన్ రియాక్టివే. “మా కోడలు అలాంటిది కాదని నాకు తెలుసు” అన్నారు అత్తగారు.

నాకు ఊరట కలగాల్సిన ఆ మాటే ముల్లులా దిగింది. అలాంటిది అంటే ఎలాంటిది? రెండు పరీక్షలూ పాజిటివ్ వచ్చిన స్త్రీ సంగతేమిటి? భర్త తప్ప మరొకరిని ఎరగనివాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. ఎరిగినవాళ్లకైనా కావలసింది పెన్సిలిన్, తీర్పు కాదు. చికిత్స లేకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. వేళకి ఇంజెక్షన్ పడితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కుతారు. పరీక్ష చేసేది అందుకు. నేను ‘ఫాల్స్’ కనక పవిత్రురాలినైతే, ఇంకో స్త్రీని దోషిగా నిలబెట్టి నేను బయటపడినట్టే.

మన భాషలో దీన్ని సుఖవ్యాధి అంటాం. ఎవరి సుఖమో, ఎవరి వ్యాధో ఆ మాట చెప్పదు. 1868లో ఇండియాలో తెచ్చిన అంటువ్యాధుల చట్టం సైనికుల ఆరోగ్యం కోసమంటూ వేశ్యలుగా నమోదైన స్త్రీలను నిర్బంధంగా పరీక్షించింది. 1888లో ఆ చట్టం రద్దయింది. ఆ చూపు మాత్రం మా ఇంటి హాలు దాకా వచ్చింది.

ఇలాంటి కాగితం చేతపట్టుకుని ఎవరైనా అడిగితే నేను చెప్పేవి మూడే. పక్కనున్న అంకె ఎంతో చూడు. రెండో పరీక్ష చేయించు. ఆయన్నీ వెంట తీసుకెళ్లు. ఎవరికి ఏం సంజాయిషీ చెప్పాలన్నది ఆ జాబితాలో లేదు.