మొక్కుబడి పాటలు

తామర మీద పాట కట్టినవాణ్ణి ఎక్కడైనా విన్నారా? పువ్వు కాదండీ, ఒంటికి పట్టేది. ఎదుటివాడి మొహం ఒకసారి చూసి, అయ్యో నీకు తామర పట్టిందే అని తేల్చేసి, ఇంతకంటే పాడు రోగం రానందుకు సంతోషించమని ఓదార్చే పాట అది. కట్టింది ఊరూ పేరూ లేనివాడు కాదు, వాన్ మారిసన్. అవును, 'బ్రౌన్ ఐడ్ గర్ల్' వాన్ మారిసనే. అరవై ఏళ్లుగా పాడుతున్న బెల్‌ఫాస్ట్ మనిషి, బ్రిటన్‌లో సర్ బిరుదు అందుకున్న పెద్దమనిషి.

ఆ పాట ఒంటరిది కాదు. వరసగా 31 పాటలు ఉన్నాయి. ఒకదాంట్లో డేనిష్ తింటావా, తిను, తిను అని మొహమాటపెడతాడు, అంటే ఆ తీపి రొట్టె. ఇంకోదాంట్లో పెద్ద రాయల్టీ చెక్కు పోస్టులో వస్తుందని ఎదురుచూస్తుంటాడు. జార్జి అనే ఒకానొక మొద్దబ్బాయి నాలుగు పాటల్లో వచ్చి వెళ్తాడు. చాలా పాటలు నిమిషం, నిమిషంన్నర దాటవు. గిటార్ ఒక్కటే తోడు, దానికీ శ్రుతి సరిగా లేదు. కూర్చున్న చోట కూర్చున్నట్టే ఒక్క బిగిన పాడేశాడు. మొత్తం కలిపినా ముప్పావుగంట రాదు. పాతికేళ్లకు పైగా ఇవేవీ మార్కెట్లోకి రాలేదు.

ఎందుకు పాడాడంటారా? అప్పు తీర్చడానికి. డబ్బు అప్పు కాదు, పాటల అప్పు.

1967లో మారిసన్ వయసు ఇరవై ఒకటి. 'దెమ్' అనే బృందం నుంచి బయటికొచ్చి, న్యూయార్క్‌లో బర్ట్ బర్న్స్ అనే నిర్మాత పంచన చేరాడు. బర్న్స్ సామాన్యుడు కాడు. 'ట్విస్ట్ అండ్ షౌట్' రాసిన ఇద్దరిలో ఒకడు. 'హ్యాంగ్ ఆన్ స్లూపీ'లోనూ చెయ్యి ఉంది. ఆయన కంపెనీ పేరు బ్యాంగ్. బర్ట్, అహ్మెత్, నెసూహి, జెరాల్డ్ అన్న నలుగురు భాగస్తుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు. ఆ మార్చిలో 'బ్రౌన్ ఐడ్ గర్ల్' రికార్డు చేశారు, అది అమెరికా చార్టుల్లో పదో స్థానం దాకా ఎక్కింది. కుర్రాడు కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టాడు. చదవని కాంట్రాక్టు తర్వాత మనల్ని చదువుతుంది. ఆ పాటకు తనకు రాయల్టీ రాలేదన్నది మారిసన్ ఇప్పటికీ చెప్పే మాట. ఇంతలో సింగిల్స్ కోసమని పాడిన పాటలన్నీ పోగేసి 'బ్లోయిన్ యువర్ మైండ్' అని ఆల్బమ్ వేసేశారు. పైన ఆ కాలపు మత్తు ఫ్యాషన్‌లో మెలికలు తిరిగిన అట్ట. అది వచ్చిన సంగతే ఆయనకు ముందు చెప్పలేదు.

అదే ఏడాది డిసెంబరు 30న బర్న్స్ గుండె ఆగి పోయాడు. వయసు 38. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెను అప్పుడే దెబ్బతీసి ఉంచింది. కంపెనీ, కాంట్రాక్టులు, ముగ్గురు చిన్నపిల్లలు, అన్నీ భార్య ఐలీన్ నెత్తిన పడ్డాయి. మారిసన్‌కి ఆమెకి పడలేదు. కొన్నాళ్లకు వార్నర్ బ్రదర్స్ కంపెనీ డబ్బు కట్టి ఆయన్ను విడిపించుకుంది. విడిపించుకుంది కానీ, ఓ మెలిక మిగిలిపోయింది. బర్న్స్ వాళ్ల ప్రచురణ సంస్థ వెబ్ ఫోర్‌కి ఏడాదిపాటు నెలకు మూడు చొప్పున కొత్త పాటలు ఇవ్వాలి. అంటే 36.

కాగితం మీద 'పాటలు' అని రాశారే తప్ప 'మంచి పాటలు' అని రాయలేదు. ఆ సందులోంచి దూరాడు మన కథానాయకుడు. 36కి 31 ఒక్క కూర్చోవడంలో పడేశాడు. విన్న ఐలీన్ ఇదేం పిచ్చి సంగీతం, తామర మీద పాటలేమిటని తోసిపుచ్చింది. ఒక్కటీ విడుదల చేయలేదు.

ఇలాంటి మొక్కుబడి ఒక్క మారిసన్‌దే కాదు లెండి. 1970లో రోలింగ్ స్టోన్స్ డెక్కా కంపెనీకి ఇంకొక్క సింగిల్ బాకీ పడితే, పేరు కూడా పైకి అనలేని బూతుపాట ఒకటి అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. డెక్కా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకు మాత్రం అది మారిసన్ చేసిందాని ముందు చవకగా అనిపిస్తుంది. బూతు ఎవరైనా తిట్టగలరు.

మారిసన్ టేపులో గురి ఉంది. పేర్లు చూడండి: 'ట్విస్ట్ అండ్ షేక్', 'హ్యాంగ్ ఆన్ గ్రూవీ', 'లా మాంబో'. బర్న్స్‌కి క్యూబా, మెక్సికో దరువులంటే ప్రాణం. ఆయన హిట్లు చాలావాటి వెనక 'లా బాంబా' తరహా మూడు కార్డుల (గిటార్ స్వరమేళాల) చుట్టుతిరుగుడే ఉంటుంది. మారిసన్ సరిగ్గా ఆ మూడు కార్డులే పట్టుకుని, పైన అర్థంలేని మాటలు అతికించాడు. ఇంకోచోట ఆ మెలికల అట్టనీ, ఆల్బమ్ పేరునీ వెక్కిరిస్తాడు. 'మైండ్' ఉన్నచోట ముక్కుని పెడతాడు. బయటివాళ్లకి అది పిచ్చివాగుడు. బ్యాంగ్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ప్రతి పల్లవీ ఓ చురక. పాటగాళ్లు లక్షలమందికోసం పాడతారు కదా, ఈ 31 పాటలూ ఒక్క ఆఫీసు కోసం పాడినవి.

నాకు గొంతులో అడ్డంపడేది కూడా ఇక్కడే. ఆ ఆఫీసులో అసలు వినాల్సిన మనిషి లేడు, పోయాడు. 'ట్విస్ట్ అండ్ షౌట్'ని వెక్కిరిస్తుంటే విన్నది, అది రాసినవాడి భార్య. పిల్లాణ్ణి చంకనేసుకుని లెక్కల పుస్తకాలు చూసుకుంటున్న మనిషి చేతికి ఈ టేపు వచ్చిందని ఊహించుకుంటే, తామర పాటకు నవ్వు సగంలోనే ఆగుతుంది. అలాగని ఆమె పక్షాన నిలబడి కుర్రాణ్ణి తిట్టబుద్ధీ కాదు. ఊరుకాని ఊళ్లో, చేతిలో డబ్బులేక, హిట్టు పాట రేడియోలో మోగుతుంటే పస్తులు లెక్కపెట్టుకున్నవాడి ఉక్రోషం అది. అడ్డం తిరిగి కొట్టలేనివాడు వెక్కిరిస్తాడు.

ఇంతకీ ఆ పిచ్చి పాటలవాడే 1968 శరదృతువులో న్యూయార్క్‌లోని సెంచురీ సౌండ్ స్టూడియోకి వెళ్లి, మూడు సెషన్లలో 'ఆస్ట్రల్ వీక్స్' పాడాడు. బాస్ మీద రిచర్డ్ డేవిస్, డ్రమ్స్ మీద మోడర్న్ జాజ్ క్వార్టెట్ కోనీ కే. జాజ్‌లో తలపండినవాళ్లు. కుర్రాడు పెద్దగా ఏమీ చెప్పకుండా తన గదిలో తాను పాడుకుంటూ పోతే, వాళ్లు వెంట నడిచారు. మొదట్లో అమ్ముడుపోలేదు. తర్వాత, గొప్ప ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా దానికి చోటివ్వక తప్పలేదు. ఒప్పందం ప్రకారం అందులో రెండు పాటల హక్కులు వెబ్ ఫోర్‌కి వెళ్లాయి: 'బిసైడ్ యూ', 'మేడమ్ జార్జ్'. మొద్దు జార్జి పాటల్ని వద్దన్న ఇంటికే ఈ జార్జి పాట కూడా చేరింది. ఒకే పేరు, ఒకే గొంతు. ఒకటి ముక్కుతూ ఇచ్చింది, ఇంకోటి మనసు పెట్టి ఇచ్చింది.

తర్వాత ఏమైందని అడుగుతారు. 1990ల్లో ఆ టేపులు సీడీల మీదికి ఎక్కి ఊరేగాయి. 2016లో బర్న్స్ కొడుకు తండ్రి మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో మారిసన్ కూడా కూర్చుని బర్న్స్ గురించి మాట్లాడాడు. ఆ మరుసటేడు బ్యాంగ్ కాలపు రికార్డింగులన్నీ మూడు డిస్కులుగా అధికారికంగా వచ్చాయి. మూడో డిస్కు నిండా మన మొక్కుబడి పాటలే. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని రాయల్టీ చెక్కు పాట ఇప్పుడు నిజంగానే చెక్కులు తెచ్చే సరుకైంది!

వినాలనుకుంటే ఒక్కసారి వినండి, రెండోసారి మాత్రం నేను బలవంతపెట్టను. మొదటి నాలుగైదు నవ్విస్తాయి, తర్వాత విసుగొస్తుంది, విసుగు పుట్టించడమే కదా ఆయన పని. మధ్యలో ఒక పాట వస్తుంది, దాని పేరు 'ఫ్రీకీ ఇఫ్ యూ గాట్ దిస్ ఫార్'. ఇంతదాకా విన్నారంటే మీ తలకాయ కూడా కాస్త తేడాయేనని ఆయనే ముందుగా చెప్పి పెట్టాడు.