గిటారుకు అనురణనము

మా కుటుంబము బెంగుళూరు చేరి నాలుగు తరములైనది. ఇంట తెలుగు మాటాడుకొందుము. చదువులు, ఉత్తర ప్రత్యుత్తరములు కన్నడములోను, ఇంగ్లీషులోను సాగిపోవుచున్నవి. నా మనుమనికి పదిహేడేండ్లు. వాడు తెలుగు మాటాడును గాని చదువలేడు. వానికీ నాకూ నడుమ గంటసేపు నడువదగిన సంభాషణ ఏదని చూచుకొంటే సంగీతమొక్కటే కనబడుచున్నది. నేను చిన్నతనమున కొంతకాలము వయొలిన్ నేర్చినవాడను. వాడు విద్యుత్ గిటారు వాయించును. అందుచేత, తన ఆంప్లిఫయరుకు రీవెర్బ్ పెడలొకటి కొనవలెను, నీవు కూడా అంగడికి రావలెను అని వాడు పిలిచినప్పుడు ముసలివానికెందుకని తప్పించుకొనుటకు మనసొప్పలేదు.

వాని దగ్గరనున్నది అయిదు వాట్ల చిన్న వాల్వు ఆంప్లిఫయరు. ఎనిమిదంగుళాల స్పీకరు. పైన రెండే మరలు. ఒకటి శబ్దము హెచ్చించుటకు, రెండవది స్వరములోని పదును దిద్దుటకు. "తాతా, మీటిన వెంటనే తెగిపోతా ఉంది. వట్టిగా ఉంది" అని వాని మొర. అది యంత్రదోషము కాదు. వాని గదిలో పరుపు, దళసరి తెరలు, పుస్తకముల బీరువా ఉన్నవి. పుట్టిన శబ్దమును పుట్టినట్లే అవి మ్రింగివేయుచున్నవి.

రీవెర్బ్ అనుమాటకు తెలుగేమని అడిగినాడు. ప్రతిధ్వని అనరాదు. బిజాపురమున 1656లో పూర్తియైన గోల్ గుంబజ్ క్రింద నిలిచి ఒక కేక వేస్తే, ఆ కేక విడివిడిగా పలుమార్లు తిరిగివచ్చును, అది ప్రతిధ్వని. పాత దేవళపు రాతి మంటపములో పాడినప్పుడు మాట తిరిగిరాదు. స్వరమునకు వెనుక సన్నని తోకవలె నాదము కొంతసేపు నిలిచి సన్నగిల్లును. గోడలనుండి వచ్చు వేలకొలది ప్రతిఫలనములు దట్టముగా కలిసిపోయినందున చెవి వాటిని విడదీయలేదు. దీనికి అనురణనమను చక్కని మాట మనకున్నది. పదమూడవ శతాబ్దమున దేవగిరిలో సంగీతరత్నాకరము రచించిన శార్ఙ్గదేవుడు స్వరమును నిర్వచించుచు, శ్రుతి వెంటనే పుట్టునది, స్నిగ్ధమైనది, అనురణన రూపమైనది అన్నాడు. అనగా ఆ తోక స్వరమునకు అలంకారము కాదు, స్వరములోని భాగమే. ఇది చెప్పగా మనుమడు ఆ పదమును తన చరవాణిలో కన్నడ లిపిలో వ్రాసికొన్నాడు. నాకు కొంచెము చివుక్కుమన్నది గాని, పదము చేరినది గదా అని ఊరకున్నాను.

దీనిని కొలిచిన మొదటివాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు వాలెస్ సాబైన్. 1895లో అక్కడి ఉపన్యాసశాల ఒకదానిలో మాట అర్థము కాకుండుటకు కారణము కనుగొనుమని ఆయనను నియమించినారు. ఆర్గన్ గొట్టమొకటి, కాలము కొలుచు యంత్రమొకటి చేతబట్టి రాత్రులయందు పరీక్షించగా, ఒక్క శబ్దము సుమారు అయిదున్నర సెకండ్లు నిలుచుచున్నదని తేలినది. నాటకశాలనుండి మెత్తని ఆసనములు మోయించి తెచ్చి పరచినకొలది ఆ కాలము తగ్గుచు వచ్చినది. మనుష్యులు కూర్చున్నను అంతే. ఈ సంగతి తరువాత మాకు అక్కరకు వచ్చినది.

గదిలేనిచోట గదిని కల్పించుటకు పాశ్చాత్యులు పడిన పాట్లు వినోదకరములు. 1947లో చికాగోలో బిల్ పుట్నమ్ అను ధ్వనిముద్రకుడు స్నానపు గదిలో స్పీకరు, మైకు ఉంచి ఆ ధ్వనిని పాటలో కలిపినాడు. 1957లో జర్మనీవారు పెద్ద ఉక్కురేకును కంపింపజేయు యంత్రము తెచ్చినారు. దాని బరువు రమారమి 270 కిలోగ్రాములు. హామండ్ ఆర్గన్ వారు తీగచుట్టలతో, అనగా స్ప్రింగులతో, అదే పని చేసినారు. ఆ స్ప్రింగులనే ఫెండర్ సంస్థ 1961లో గిటారు కొరకు వేరొక పెట్టెగాను, 1963లో ఆంప్లిఫయరు లోపలనే అమర్చియు విక్రయించినది. కనుక రీవెర్బ్ లేని ఆంప్లిఫయరు తక్కువజాతిది కాదు. పాత పద్ధతిది, అంతే. 1987లో బాస్ సంస్థ దీనిని అంకెల లెక్కగా మార్చి అరచేతి పెట్టెలో పెట్టి కాలిక్రిందికి తెచ్చినది.

అంగడిలో వరుసగా పెడళ్లు పేర్చియున్నవి. అమ్మువాడు ముందుగా పెద్ద సభాభవనపు ధ్వని, తరువాత ప్రతి స్వరము మీద పై స్థాయి స్వరమును మెరిపించు 'షిమ్మర్' అనునది వినిపించినాడు. మనుమని కన్నులు మెరసినవి. నేను వానిని తోడిలో గాంధారము వాయించుమన్నాను. తోడి గాంధారము నిలుకడగా ఉండునది కాదు. ఊగుటయే దాని ప్రాణము. సభాభవనపు తోక మూడు సెకండ్లు సాగుచుండగా, మొదటి ఊపు చావకమునుపే రెండవది వచ్చి పడి, గమకమంతయు నీటిలో పడిన సిరా అయినది. అదే గాంధారము స్ప్రింగు ధ్వనితో, తోక ఒక సెకండుకు కుదించి వాయించగా ప్రతి ఊపు విడిగా వినబడినది. అయినను వట్టిగా లేదు. ఉక్కురేకు ధ్వని ఇంకను నునుపు. వాడే రెండుమార్లు తిరిగి వాయించి, "ఇదే సరి తాతా" అన్నాడు. ఆ మాట నేను చెప్పియుంటే నిలిచెడిది కాదు.

ఇక యంత్రసంబంధమైన రెండు చిక్కులు. పెద్ద ఆంప్లిఫయర్లకు వెనుక, లోపలి రెండు ఘట్టముల నడుమ పెడలు చేర్చుటకు ద్వారములుండును. మావానిదానికి అవి లేవు. పెడలు గిటారుకు, ఆంప్లిఫయరుకు నడుమనే ఉండవలెను. శబ్దము మితముగానున్నంతవరకు బాధలేదు. ఆంప్లిఫయరును చించుకొనునంత హెచ్చిస్తే మాత్రము స్వరముతోబాటు తోకయు చినిగి అంతయు అడుసగును. రెండవది విద్యుత్తు. ఈ అంకెల పెడళ్లు బ్యాటరీని త్వరగా త్రాగివేయును; తొమ్మిది వోల్టుల ఎడాప్టరు, అదియు నడిమి మొన ఋణధ్రువముగా గలది, వేరుగా కొనవలెను. తెరలు, నూరు జ్ఞాపకస్థానములు గల పెడలును విడిచి, స్ప్రింగు, రేకు ధ్వనులు గల మూడు మరల చిన్నపెట్టె తీసికొన్నాము. వంగి మరలు త్రిప్పుచు కూర్చుండువాడు వాయించుట మరచును.

ఉగాది సభలో వాడు వాయించవలెనని మా సంఘమువారు ముందే అడిగియుండిరి. కాలిపెట్టె మాట వినగానే కార్యదర్శిగారు ముఖము చిట్లించి, ఇటువంటి మాయలు మన సంగీతమునకు తగవన్నారు. పాలకొల్లున 1969లో పుట్టి 2014లో గతించిన మాండలిన్ శ్రీనివాస్ గారు విద్యుత్ మాండలిన్ మీదనే కదా మహాసభలను మెప్పించినారంటిని. శబ్దము సభ చివరకు అందవలెనని ఏడు తంతుల వయొలిన్ పట్టిన చౌడయ్యగారి పేరనే ఈ ఊర వయొలిన్ ఆకారపు భవనమున్నదనియు జ్ఞాపకము చేసితిని. వారు సరేననలేదు, వలదనలేదు.

సభ జరుగు గది నాపరాళ్ల నేల, సున్నపు గోడలు గలది. ముందురోజున చప్పట్లు కొట్టి చూడగా గదియే చాలినంత మ్రోగినది. మనుమడు పెడలును పూర్తిగా ఆపివేసినాడు. మరునాడు కుర్చీలు నిండిన తరువాత ఆ మ్రోత సగమైనది. వాడు సాబైనుగారి ఆసనముల కథ తలచుకొన్నాడేమో, వంగి మరను కాలుభాగము త్రిప్పినాడు. తోడి ఆలాపన పది నిమిషములు సాగినది. కార్యదర్శిగారు మూడవ వరుసలో కూర్చుండి విన్నారు. అయిన తరువాత దగ్గరకు వచ్చి, ఆ పెట్టె వెల యెంతయని అడిగినారు.